దీవిలో ఒక రోజు: చీర, షుగరు, ఇద్దరు మనుమలు

ప్రశ్న: మాది మిర్యాలగూడ. నాకు 61 ఏళ్ళు, మా వారికి 66. ఆయన బడిపంతులుగా రిటైరయ్యారు; పదేళ్ళుగా షుగరు ఉంది, ఇన్సులిన్ తీసుకుంటారు. మా అబ్బాయి, కోడలు అట్లాంటాలో ఉద్యోగాలు చేస్తున్నారు. వచ్చే మార్చిలో మేము అక్కడికి వెళ్ళినప్పుడు అందరం కలిసి ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావరల్ నుంచి నాలుగు రాత్రుల ఓడ ప్రయాణం చేయాలని టికెట్లు తీశారు. అందులో ఒక రోజంతా ఆ ఓడ కంపెనీ వారి సొంత దీవి కోకోకేలో, సముద్రం ఒడ్డున గడపాలట. మనుమడికి తొమ్మిదేళ్ళు, మనుమరాలికి నాలుగు. నేను చీర తప్ప మరొకటి కట్టను. 2016 కృష్ణా పుష్కరాలలో వాడపల్లి దగ్గర మూడు మునకలు వేసిన తర్వాత నీళ్ళలో దిగింది లేదు. మేమిద్దరం ఆ రోజు ఓడలోనే ఉంటామంటే అబ్బాయి అలిగాడు. "మీ కోసమే కదమ్మా ఇదంతా, పైగా మీరుంటే పిల్లలను చూసుకోవడానికి మాకూ ఆసరా" అంటున్నాడు. దిగాలా, ఉండిపోవాలా? పచ్చడి తీసుకెళ్ళవచ్చా? కోడలి పాస్‌పోర్టులో హెచ్-1బీ వీసా స్టాంపు గడువు పోయిన ఏడాదే తీరింది గానీ, ఆఫీసు కాగితాలు ఉన్నాయి కనుక పర్వాలేదంటోంది.
— ఒక అమ్మ, మిర్యాలగూడ

సమాధానం: అమ్మా, మీరు ఉత్తరం చివర, ఏదో మాటవరసకు అన్నట్టు రాసిన విషయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చీర సంగతి, పచ్చడి సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు గానీ ఇది మాత్రం ఓడ ఎక్కకముందే తేలవలసిన సంగతి. కోకోకే అమెరికాలో లేదు, బహామాస్ దేశంలోని బెర్రీ దీవులలో ఉంది. ఓడ ఫ్లోరిడాలో బయలుదేరి ఫ్లోరిడాకే తిరిగి వచ్చినా, మీరందరూ మధ్యలో దేశం దాటి వచ్చినట్టే లెక్క. హెచ్-1బీ మీద ఉన్నవారు వీసా స్టాంపు గడువు తీరినా, అమెరికాలో ఎంతకాలం ఉండవచ్చో చెప్పే ఐ-94 పత్రం గడువు మిగిలి ఉంటే, కెనడాకో మెక్సికోకో వెళ్ళి 30 రోజులలోపు తిరిగి రావడానికి ఒక సడలింపు ఉన్నది నిజమే. ఆ సడలింపు బహామాస్ వంటి పొరుగు దీవులకు వర్తించేది ఎఫ్, జె వీసాల మీద ఉన్న విద్యార్థులకూ పరిశోధకులకూ మాత్రమే. హెచ్-1బీ వారికి కాదు. మీ కోడలు తోటి ఉద్యోగి ఎవరో మెక్సికో వెళ్ళి వచ్చిన కథ విని ధైర్యపడి ఉండవచ్చు, కానీ ఇది ఆ కథ కాదు. ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడకుండా ఆ అమ్మాయి ఓడ ఎక్కకూడదు. మీ ఇద్దరి వీసాల మీద "ఎంట్రీస్" అన్నచోట "ఎం" అనే అక్షరం ఉందో లేదో మీరే చూసుకోండి. ఉంటే ఎన్నిసార్లయినా రావచ్చునని అర్థం. అలాగే మీ పేరున తీసుకున్న ఇన్సూరెన్సు అమెరికా నేల మీదనే కాక ఓడలోనూ బహామాస్‌లోనూ చెల్లుతుందా అని అబ్బాయిని అడగండి, ఎందుకంటే ఓడలోని డాక్టరు గారి దగ్గరికి వెళితే బిల్లు నేరుగా మీ ఖాతాకే వస్తుంది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. దిగండి. ఓడలోనే ఉండిపోవడం తప్పేమీ కాదు, అక్కడ భోజనం దొరుకుతుంది, ఆ రోజు డెక్కులు సగం ఖాళీగా, ప్రశాంతంగా కూడా ఉంటాయి. కానీ మీరు ఉండిపోతానంటున్నది విశ్రాంతి కోసం కాదని మీ ఉత్తరం చదివితే తెలుస్తూనే ఉంది. చీరకు ఎవరేమనుకుంటారో అన్న మొహమాటం ఒకటి, నీటి భయం ఒకటి, రోజంతా పిల్లల కాపలా మీ మీద పడుతుందన్న అనుమానం ఇంకొకటి. మొదటిది దిగిన పావుగంటలో పోతుంది. రెండవది పోవలసిన పని లేదు, మీకు అది మేలే చేస్తుంది. మూడవది మాత్రం అనుమానం కాదమ్మా, నిజం. దాని గురించి కాస్త ఎక్కువగా రాస్తాను.

ముందుగా "సొంత దీవి" అన్న మాట విని ఏదో నిర్జనమైన ఒడ్డును ఊహించుకోకండి. ఓడ కంపెనీలు ఇలా దీవులను తమ చేతిలో పెట్టుకోవడం కొత్త కాదు. 1977లో నార్వేజియన్ కంపెనీ వారు గ్రేట్ స్టిరప్ కే అనే దీవిని తీసుకోవడంతో ఇది మొదలైంది. మీరు వెళ్ళే కోకోకే దాని పక్కదే. అసలు పేరు లిటిల్ స్టిరప్ కే, దానిని రాయల్ కరీబియన్ వారు 2019లో ఇప్పటి రూపానికి తెచ్చారు. ఊరు లేదు, బజారు లేదు, గుడి లేదు. బహామాస్ వాళ్ళ ఇళ్ళూ బతుకూ చూద్దామనుకుంటే అక్కడ కనబడవు. పొద్దున్న ఓడలో మీకు ఇడ్లీకి బదులు ఆమ్లెట్టు తెచ్చిపెట్టిన సిబ్బందిలో కొందరే మధ్యాహ్నం దీవిలో వడ్డిస్తూ ఎదురుపడినా ఆశ్చర్యపోకండి. రేవులో ఒకేసారి రెండు ఓడలు ఆగగలవు, ఆ కంపెనీ పెద్ద ఓడ ఐకాన్ ఆఫ్ ది సీస్ ఒక్కదానిలోనే 7,600 మంది దాకా పడతారు కనుక, మీరు దిగే రోజున అక్కడ జనం మన మండల కేంద్రంలో సంత నాటి జనాన్ని మించి ఉండవచ్చు. అందుకని మీ వాళ్ళు ఎనిమిదింటికే దిగుదామంటే బద్ధకించకండి. పది దాటితే నీడ ఉన్న కుర్చీ దొరకడం కష్టం. ఓడ నేరుగా కట్టకు ఆగుతుంది గనుక, కొన్ని దీవులలో లాగా ఊగే చిన్న పడవలోకి అడుగు మార్చుకొని ఒడ్డుకు చేరవలసిన అవస్థ మీకు లేదు. కట్ట నుంచి లోపలికి బండ్లు తిరుగుతాయి, వాటికి డబ్బు అక్కరలేదు. మోకాళ్ళ నొప్పులు ఉంటే నడవకండి, ఎక్కండి. గాలి, అలలు ఎక్కువగా ఉన్న రోజున కెప్టెన్ అసలు ఆపకుండానే వెళ్ళిపోవచ్చు. అలా జరిగితే టికెట్టు డబ్బు వెనక్కి రాదు, ఆ హక్కు కంపెనీకి ఉందని టికెట్టు షరతులలోనే రాసి ఉంటుంది. అబ్బాయి మీద గానీ దేవుడి మీద గానీ కోపగించుకోవద్దు.

ఆ ఒడ్డును చూడగానే మీకు వింతగా తోచేది ఇసుక తెలుపు, నీటి నీలం. మనం సూర్యలంకకో మంగినపూడికో వెళితే సముద్రం మట్టిరంగులో కనిపిస్తుంది, ఎందుకంటే కృష్ణ వంటి నదులు ఒండ్రును తెచ్చి అక్కడ కలుపుతాయి. మీ వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట నీళ్ళ రంగు మీకు తెలిసినదే కదా. బహామాస్ దీవులు సున్నపురాతి దీవులు. ఒండ్రు తెచ్చే నదులు అక్కడ లేవు. ఇసుక కూడా రాయి అరిగిన ఇసుక కాదు. గవ్వలు, పగడపు ముక్కలు పొడి అయినది కొంత, సముద్రపు నీటిలోని సున్నమే గింజలుగా పేరుకున్నది కొంత. అందుకే అంత తెలుపు. ఈ అందంలోనే ఒక మోసం ఉందమ్మా, అది పిల్లలున్న వారు తప్పక తెలుసుకోవాలి. తేట నీటిలో అడుగు ఉన్నదాని కంటే పైకి కనిపిస్తుంది. పైనుంచి చూస్తే నాలుగడుగుల లోతు మూడడుగులే అనిపిస్తుంది. బురద నీటిని చూస్తే మనకు భయం దానంతట అదే పుడుతుంది, అద్దం లాంటి నీటిని చూస్తే పుట్టదు. నాలుగేళ్ళ పిల్లకు ఆ మూడుకూ నాలుగుకూ మధ్యనున్న అడుగే ముక్కు మునిగే అడుగు.

ఇప్పుడు కాపలా సంగతి. మూడేళ్ళ కిందట మా అమ్మాయి కుటుంబంతో నేను కూడా ఇలాంటి ఒక దీవికి వెళ్ళాను. పాలమూరు మనిషిని, చెరువులో ఈత నేర్చినవాణ్ణి, నాకేం భయమనుకున్నాను. పదింటికి నన్ను ఒక కుర్చీలో కూర్చోబెట్టి, నా చుట్టూ ఆరు జతల చెప్పులు, నాలుగు సంచులు, అందరి ఫోన్లు పెట్టి, "నాన్నా, చిన్నోడు ఇక్కడే ఇసుకలో ఆడుకుంటాడు, మేము ఇప్పుడే వస్తాం" అని వెళ్ళారు. ఆ "ఇప్పుడే" రెండు గంటలైంది. అంతసేపు నేను సంచుల వైపొక కన్ను, పిల్లవాడి వైపొక కన్ను వేసుకొని కూర్చున్నాను. మధ్యలో ఫోనొకటి మోగితే ఎవరిదా అని సంచిలో వెతికి తల ఎత్తేసరికి వాడు మోకాలి లోతు నీళ్ళలో ఉన్నాడు. ఏమీ కాలేదు. అయినా ఆ సాయంత్రం నాకు అన్నం సహించలేదు. తప్పు వాళ్ళది ఎంతో నాదీ అంతే, ఎందుకంటే "నా వల్ల కాదు" అని నేను అనలేదు.

కాబట్టి మీరు అనండి. ఓడ ఎక్కాక కాదు, ఇప్పుడే, ఫోనులోనే. ఈత రాని మనిషిని నీటి దగ్గర పిల్లలకు కాపలా పెట్టకూడదు, ఆ మనిషి ఎంత ప్రేమగల నానమ్మ అయినా సరే. మునిగే పిల్ల కేకలు వేయదు, చేతులు ఊపదు. చాలాసార్లు చప్పుడే ఉండదు, నిమిషాలలో అయిపోతుంది. సాగర్ ఎడమ కాలువ పక్కన ఇన్నేళ్ళుగా ఉంటున్న మీకు ఇది నేను చెప్పాలా? ఒడ్డున లైఫ్‌గార్డులు ఉంటారు, వాళ్ళు వేలమందిని చూస్తుంటారు. మన పిల్లను చూడవలసింది మనమే. నీళ్ళలో ఉన్నంతసేపు చిన్నదానికి చేయి చాస్తే అందేటంత దూరంలో తండ్రో తల్లో ఉండాలి, ఆ ఉన్నవారి చేతిలో ఫోనుండకూడదు. వాళ్ళిద్దరూ గంటకొకరు చొప్పున వంతులు వేసుకొని, వంతు మారేటప్పుడు "ఇక నీదే" అని పైకి మాటగా చెప్పుకోవాలి. అందరూ ఉన్నారు కదా, ఎవరో ఒకరు చూస్తుంటారులే అనుకునే చోటే ప్రమాదం జరుగుతుంది. పిల్లలకు లైఫ్‌జాకెట్లు అక్కడ ఉచితంగానే ఇస్తారు. ఒంటికి బిగుతుగా సరిపోయేది చూసి, బకిల్సన్నీ పెట్టి తొడగమనండి. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటబొమ్మలు, వాటిని నమ్మవద్దు. ఒడ్డున జెండాలు ఎగురుతుంటాయి: ఆకుపచ్చ అయితే నీరు శాంతంగా ఉన్నట్టు, పసుపు అయితే జాగ్రత్త, ఎరుపు అయితే మనవాళ్ళెవరూ దిగకపోవడమే మేలు. మనుమడికి ఈ రంగుల అర్థం నేర్పి, ఆ రోజంతా చూసి మీకు చెప్పే పని వాడికే అప్పగించండి. తొమ్మిదేళ్ళ వాడికి అధికారం ఇస్తే వాడికంటే నిక్కచ్చి ఉద్యోగి దొరకడు.

మరి మీరు చేయగల సాయం లేదా అంటే, ఉంది. పిల్లలు నీటి బయట ఉన్నప్పుడు మీరు చూసుకోండి: అన్నం తినిపించడం, నీడన కథ చెప్పడం, చిన్నదాన్ని మధ్యాహ్నం గంటసేపు పడుకోబెట్టడం. ఆ గంటలో కొడుకూ కోడలూ కలిసి ఎక్కడికైనా వెళ్ళి రానివ్వండి, ఇద్దరూ ఏడాదంతా ఉద్యోగాలలో నలిగినవారే. అబ్బాయి "ఆసరా" అన్నది నిజానికి ఈ గంట కోసమే అయి ఉంటుంది. ఏ పని మీది, ఏది కాదు అన్నది తేల్చి చెబితే అతడి అలక పోతుందని నాకు నమ్మకం. సంచుల కాపలా మాత్రం ఎవరికీ వద్దు. విలువైనవన్నీ ఓడ గదిలోని లాకరులో పెట్టి దిగితే కాపలా కాయవలసినవి తువ్వాళ్ళూ చెప్పులే, వాటినెవరూ ఎత్తుకుపోరు.

బంగారం కూడా ఆ లాకరులోకే పోవాలి. చల్లటి నీటిలో వేళ్ళు సన్నబడి ఉంగరాలు జారిపోతాయి. పైగా ఆ సముద్రంలో తిరిగే బారకుడా అనే చేప మెరిసే వస్తువును చూసి చిన్న చేప అనుకొని దగ్గరికి రావచ్చు కనుక నీటిలో నగలు వద్దని అక్కడివారు చెబుతారు. పుస్తెలతాడు తీయనంటారని తెలుసు. తీయవద్దు, రవిక లోపలికి వేసుకోండి.

చీర గురించి. ఒడ్డున కుర్చీలో కూర్చోవడానికి, దీవిలో తిరగడానికి, పాదాలు తడుపుకోవడానికి మీ చీర మీకు నిక్షేపంగా పనికివస్తుంది; అక్కడ ఒంటి మీద జానెడు బట్టతో తిరిగేవాళ్ళు మీ చీర గురించి ఆలోచించరు, మహా అయితే ఒకరిద్దరు బాగుందని అంటారు. కానీ మోకాలు దాటి నీటిలోకి చీరతో వెళ్ళకండి. వాడపల్లిలో పట్టుకోవడానికి ఆధారం ఉంటుంది, కాళ్ళ కింద మెట్లుంటాయి. ఇక్కడ అల వెనక్కి లాగేటప్పుడు తడిసిన కుచ్చిళ్ళు కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవారే నిలవలేరు. మునగాలని మనసైతే పొడుగు చేతుల ఈత దుస్తులు, కింద లెగ్గింగు కలిపి దొరుకుతాయి, కోడలిని కొనిపెట్టమనండి. అది కూడా వద్దంటే ఒయాసిస్ లగూన్ అని మంచినీటి కొలను ఒకటి ఉంది, దానికి ప్రత్యేకంగా డబ్బు కట్టనక్కరలేదు. దాని అంచున కూర్చొని కాళ్ళు వేలాడేసుకోవచ్చు. మార్చిలో సముద్రపు నీరు 24 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది కనుక దిగగానే జివ్వుమంటుంది.

డబ్బు మాటకొస్తే, అక్కడ ఒడ్డు, కుర్చీ, భోజనం, పిల్లలు నీళ్ళు చిమ్ముకునే ఓడ బొమ్మ, ఇవన్నీ టికెట్టులోనే ఉన్నాయి. 135 అడుగుల జారుడుబండ ఉన్న వాటర్ పార్కుకు, మనుషులను పైకి తీసుకెళ్ళే బెలూనుకు, కబానా అనే ప్రత్యేక పందిరికి విడిగా కట్టాలి. మీరు ఆరుగురిలో ఆ జారుడుబండలు ఎక్కేవారు ఒకరో ఇద్దరో ఉంటారు గనుక అందరికీ టికెట్లు కొననివ్వకండి. పందిరి అద్దె విన్నాక మీరే వద్దంటారు, దాన్ని రూపాయలలోకి మార్చి చెప్పమని అడగకండి.

మీ వారి విషయంలో నాకున్న పెద్ద దిగులు పాదాలు. పదేళ్ళ షుగరు ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గి ఉండవచ్చు. వేడి ఇసుక కాల్చినా, పగడపు ముక్క కోసినా తెలియకపోవచ్చు. నీటిలోనూ వేసుకునే రబ్బరు బూట్లు కొనండి, ఒడ్డు మీద అడుగు తీసి అడుగు వేసేటప్పుడు అవి కాళ్ళకు ఉండవలసిందే, రాత్రి గదికి వచ్చాక మీరు దీపం వెలుగులో ఆయన అరికాళ్ళు చూడండి. ఇన్సులిన్‌ను ఎండలో ఉంచిన సంచిలో పెట్టవద్దు. దీవిలో దిగే వేళకు అవసరం లేకపోతే గదిలోని ఫ్రిజ్‌లో ఉంచి రండి, అవసరమైతే చల్లదనం నిలిపే చిన్న పర్సులో తీసుకురండి. నీటిలో గంటసేపు తిరిగితే మామూలు కంటే త్వరగా షుగరు పడిపోవచ్చు, కాబట్టి గ్లూకోజు బిళ్ళలు ఆయన జేబులోనే ఉండాలి, మీ సంచిలో కాదు. మిర్యాలగూడ మే నెల ఎండ చూసినవాళ్ళం, బహామాస్ ఎండ ఒక లెక్కా అని ఆయన అంటారు. వేడిలో మనదే పైచేయి, ఒప్పుకుంటాను. అయితే మనం ఆ ఎండలో తుండు కప్పుకొని చెట్టు వెతుక్కుంటాం. అక్కడ చల్లటి గాలికి ఒళ్ళు తెలియక గంటలు గంటలు ఎండలోనే కూర్చుంటాం, పైగా తెల్లటి ఇసుక మీద పడిన అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతం తిరిగి మన ముఖానికే కొడతాయి. గొడుగు నీడ ఉన్నా సన్‌స్క్రీన్ రాసుకోవాలి, రెండు గంటలకొకసారి, నీటిలోంచి వచ్చాక మళ్ళీ. నల్లటి ఒంటికి అక్కరలేదన్నది మన అపోహ.

భోజనానికి కష్టం కొంత ఉంటుంది, దాచను. దీవిలో పెట్టేది ఎక్కువగా నిప్పుల మీద కాల్చిన కోడి, బర్గర్లు. శాకాహారికి పండ్లు, సలాడు, బంగాళాదుంప ముక్కలు, అడిగితే శాకాహారపు బర్గరు దొరుకుతాయి. మీరు మాంసం తినకపోతే ఆ పూట పొద్దున ఓడలోనే కడుపునిండా తిని దిగండి. ఓడలోని పెద్ద భోజనశాలలో మొదటి రాత్రే మీ బల్ల చూసే అతనితో భారతీయ శాకాహారం కావాలని చెబితే మర్నాటి నుంచి పప్పో కూరో అన్నమో వండించి తెస్తారు. అతను గోవా మనిషో కేరళ మనిషో అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. ఇంట్లో చేసిన తినుబండారాలను ఓడలోకి రానివ్వరనే అనుకోండి, అంటే మీ చేతి సకినాలు, సర్వపిండి రెండూ గేటు దగ్గరే ఆగుతాయి. కొట్టులో కొన్న, సీలు తీయని చిన్న ప్యాకెట్లకు సాధారణంగా అభ్యంతరం చెప్పరు. పచ్చడి జాడీని అట్లాంటా ఇంట్లోనే ఉంచండి.

తిరిగి ఓడ ఎక్కే వేళ మీద మాత్రం కాస్త చాదస్తంగా ఉండండి. ఓడ సాయంత్రం నాలుగుకో ఐదుకో కదులుతుంది, అందరూ అంతకంటే కనీసం అరగంట ముందే లోపల ఉండాలి; ఆ సమయం ముందు రాత్రి గదికి వచ్చే కాగితంలోనో, ఫోనులోని ఓడ యాప్‌లోనో ఉంటుంది. మీ వారి చేతి గడియారాన్ని మొదటి రోజే ఓడ గడియారంతో కలపండి. ఒక్కొక్కరికీ ఇచ్చే ఓడ కార్డు లేనిదే లోపలికి రానివ్వరు, కాబట్టి మీ ఇద్దరివీ మెడలో వేసుకోండి, అబ్బాయి దగ్గర ఉంచకండి. మీకు అలసట అనిపిస్తే మూడింటి దాకా ఆగవలసిన పని లేదు. భోజనం కాగానే మీరిద్దరూ బండి ఎక్కి కట్ట దాకా వచ్చి, కార్డు చూపించి గదికి వెళ్ళిపోవచ్చు. మనుమరాలు నిద్రకు తూగుతుంటే తనను కూడా వెంట తీసుకువెళతామని అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి.